డెబ్బై రెండు కేజీల డాక్టరు

లోకంలో అందరూ అబద్ధాలకోరులేనని పళ్ళ డాక్టరుకి గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి అతన్ని తప్పుపట్టలేం. ఇరవై రెండేళ్ళుగా రోజుకి పాతికమంది అతని కుర్చీలో వెల్లకిలా పడుకుని, "రోజూ రెండుపూటలా తోముతున్నానండీ" అని చెబుతూనే ఉన్నారు. చెప్పేది ఏ నోటితోనో ఆ నోట్లోనే సాక్ష్యం కనబడుతూ ఉంటుంది. అయినా జంకు లేకుండా చెబుతారు. డాక్టరు పైకి ఏమీ అనడు. చిన్న అద్దం లోపలపెట్టి నాలుగు వైపులా తిప్పి చూసి "ఆహా" అంటాడు, అంతే. ఆ "ఆహా"కి జడిసి ఊళ్ళో సగం మంది అతను ఎదురైతే నోరు మూసుకుని నవ్వుతారు.

అతని భార్య మత్తు డాక్టరు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని నిద్రపుచ్చడం, అయ్యాక లేపడం ఆవిడ పని. "మా ఆయన నోళ్ళు తెరిపిస్తాడు, నేను కళ్ళు మూయిస్తాను" అని ఆవిడే చెప్పి ఆవిడే నవ్వుతుంది. ఆవిడ డ్యూటీ ముగిసేసరికి ఇతని క్లినిక్ మొదలవుతుంది. వారంలో ఆరు రోజులు ఇద్దరూ గుమ్మం దగ్గర ఎదురుపడి "గ్యాస్ కట్టేశావా?" "తాళం తీసుకున్నావా?" అనుకోవడమే కాపురం. ఏడోరోజు ఆదివారం. ఆ పొద్దున రెండు గంటలు మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఎక్కడయ్యా అంటే, ఆ కారులో.

ఆ కారు గురించి చెప్పాలి. వయసులో వాళ్ళ పెళ్ళికంటే పెద్దది. రెండే సీట్లు. ఇంజను అన్ని కార్లకి ఉన్నట్టు ముందు ఉండదు, సరిగ్గా సీట్ల వీపుల వెనకాల, చక్రాల నడుమ ఉంటుంది. అందుకని లోపల మాట్లాడుకోవాలంటే అరవాలి. అరిచి మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేముంటాయి, అన్నీ బయటపడి ఆదివారం మధ్యాహ్నానికి ఇద్దరి మనసులూ తేలికపడేవి. కారు ఎత్తు భోజనాల బల్లకంటే ఒక బెత్తెడు ఎక్కువ. అందులోకి ఎక్కడమంటూ ఉండదు, పడడమే. దిగడమంటే మళ్ళీ పుట్టడమే. ముందు దీపాలు రెండూ లోపల దాక్కుని ఉంటాయి, మీట నొక్కితే పైకి లేస్తాయి. అందులో ఒకటి ముందు లేస్తుంది, రెండోది తీరిగ్గా ఆలోచించుకుని లేస్తుంది. "మత్తు దిగుతున్న పేషెంటు ఇలాగే చూస్తాడు" అంది ఆవిడ మొదటిరోజే. అప్పట్నుంచీ ఆ కారు పేరు పేషెంటు.

కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి డాక్టరుకి దాంట్లో ఏ లోపమూ కనిపించేది కాదు. ఆరు వారాల కిందటి ఆదివారం దాకా.

ఆ రోజు రైలు వంతెన దాటాక వచ్చే ఎడమవంపులోకి డాక్టరు కాస్త ఉషారుగా దిగాడు. సగం వంపులో ఉండగా ఉషారు ఆవిరైపోయింది. కాలు యాక్సిలరేటర్ మీంచి చటుక్కున లేచిపోయింది. నడుమ ఇంజనున్న కారులో, అదీ వంపు మధ్యలో, చెయ్యకూడని పని ఏదైనా ఉందంటే అదే. తోక ముందుకొచ్చింది. కారు ఒకటిన్నర చుట్టు చుట్టి, ఎటునుంచి వచ్చిందో అటే మొహం పెట్టి నిలబడింది. వెనక వస్తున్న ఇటుకల లారీ ఆగింది. లారీ డ్రైవరు కిటికీలోంచి మెడ వేలాడేసి, "సార్, ఊళ్ళోకా, ఊరి బయటికా? ఏదో ఒకటి తేల్చుకోండి, నేను పోవాలి" అన్నాడు.

డాక్టరు గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మగతనం కదా, అది బయటపడకూడదు. అందుకని పకపకా నవ్వి, "చూశావా, ఎంత చక్కగా తిరిగిందో!" అన్నాడు.

ఆవిడ బెల్టు తీసింది, పుట్టింది, చీర దులుపుకుంది, వంతెన దగ్గరున్న బస్ స్టాపుకి నడిచింది. బస్సొస్తే ఎక్కేసింది. డాక్టరు ఆ స్పోర్ట్స్ కారులో నలభై నిమిషాలు ఆ బస్సు పొగ పీలుస్తూ వెనకాలే ఇల్లు చేరాడు. ప్రతి స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు.

ఆ సాయంత్రం ఆవిడ కేసు తేల్చేసింది. "ఇంకొక్కసారి ఎక్కుతాను. ఆరు వారాల టైమిస్తున్నా. ఏం బాగుచేయిస్తావో చేయించు. ఆరో ఆదివారం అదే వంపు, అదే వేగం. తోక కాస్త ఊగినా సరే, సోమవారం కారు అమ్మేస్తావు. ఊగకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తను."

డాక్టరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా. మధ్యలో ఒక ఆదివారం పంతానికి ఒక్కడే వెళ్ళి చూశాడు. ఇంజను మోత ఎప్పుడూ ఉండేదే, కానీ దాని మీంచి అరవడానికి పక్కన మనిషి లేకపోయేసరికి అది ఉత్త మోతలాగే వినబడింది. పది కిలోమీటర్లు పోయి వెనక్కి వచ్చేశాడు. కారు పోతుందన్న దిగులు ఉంది. దానికంటే ఆ పక్క సీటు ఇక ఖాళీగా ఉండిపోతుందేమోనన్న దిగులు ఎక్కువగా ఉంది. సీటు ఖాళీ అయితే ఆదివారం ఖాళీ. ఆదివారం ఖాళీ అయితే ఇక మిగిలేది గ్యాసూ, తాళమూ.

అందుకే మిల్లీమీటరు దగ్గరికి పరిగెత్తాడు.

మిల్లీమీటరు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. డెబ్బై దాటిన మనిషి, ఆరడుగుల పైన పొడుగు, సైకిలు చువ్వలా ఉంటాడు. ఒకప్పుడు రేసు కార్లకి కాళ్ళూ కీళ్ళూ సర్దినవాడు. ఇప్పుడు మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీలో షెడ్డు పెట్టుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ ఎందుకంటే అక్కడి నేల సమంగా ఉంటుంది. గోలీ పెడితే పెట్టిన చోటే ఉంటుందని ఆయన గొప్ప. ఇంజను జోలికి పోడు. "గుండెజబ్బులు పక్క షెడ్డు, ఇక్కడ కాళ్ళనొప్పులు మాత్రమే చూడబడును" అంటాడు. కారు చుట్టూ నాలుగు వైపులా దారాలు లాగి కట్టి, ఆ దారానికీ చక్రానికీ మధ్య ఎంతుందో ఉక్కు స్కేలుతో కొలుస్తాడు. ఎంత బాబాయ్ అని అడిగితే సెంటీమీటర్లలో చెప్పడం ఆయనకి నామోషీ.

పేషెంటుని జాకీల మీద లేపి కిందకి దూరాడు. డాక్టరు జేబులోంచి పళ్ళు చూసే అద్దం తీసి అందించాడు. ఆయన దాన్ని కడ్డీల వెనక్కి పోనిచ్చి చూసి మురిసిపోయాడు. "ఇదేదో బావుందే! నలభై ఏళ్ళనుంచి వేళ్ళతో తడుముతున్నానయ్యా ఇక్కడ." కాసేపటికి కింద నుంచి ఆయన "ఆహా" అనడం వినిపించింది. డాక్టరుకి ఒళ్ళు జలదరించింది. ఆ మాట అవతలివైపు నుంచి వినడం అతనికి అదే మొదటిసారి.

ఆయన బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. కీళ్ళ దగ్గర ఉండాల్సిన రబ్బరు బుష్షులు బొగ్గయిపోయాయి. కుదుపులు తట్టుకునే షాకులు నాలుగూ నూనె కక్కేశాయి. స్ప్రింగులు చతికిలబడ్డాయి. వెనక చక్రాలు రెండూ చెరో దిక్కుకీ తిరిగి విడాకులకి బయల్దేరినట్టున్నాయి.

"ఇన్నాళ్ళూ ఎలా బతికావయ్యా?" అన్నాడు.

"బండి మంచిది బాబాయ్."

"బండి మంచిదే. ఇంజను నడుమనుందిగా, ఇది బొంగరం జాతి. తిరగమంటే చటుక్కున తిరుగుతుంది. బొంగరాన్ని తిప్పడం తేలికే, మధ్యలో ఆపడమే మన చేతిలో ఉండదు. కీళ్ళు కుదురుగా ఉండాలి, వంపులో నీ కాలూ కుదురుగా ఉండాలి. మొదటిది నేను చూస్తా. రెండోది నీ ఇష్టం."

డాక్టరు మధ్యాహ్నాలు, క్లినిక్ తెరిచే లోపు, షెడ్డుకి వచ్చేవాడు. పని నేర్చుకుంటానన్నాడు. పాత బుష్షులు లాగేటప్పుడు మటుకు ఆయన చేత శభాష్ అనిపించుకున్నాడు. పాతికేళ్ళుగా పట్టుకుని వేలాడుతున్నదాన్ని చుట్టూ వదులుచేసి, ఊపి, పెకలించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. "కొంచెం తెరవండి, ఇంకొంచెం" అని కడ్డీతో మాట్లాడుతూ లాగేవాడు. కొత్తవి ఎక్కించాక ఉత్సాహం పట్టలేక, కారు జాకీల మీద ఉండగానే బోల్టులన్నీ బిగించేశాడు. మిల్లీమీటరు టీ తాగి వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"కాళ్ళు గాల్లో వేలాడుతుండగా బిగిస్తావా? పడుకున్నవాడికి కొలత తీసి నిలబడ్డవాడికి ప్యాంటు కుట్టినట్టుంది! కారు కిందకి దిగాలి. దాని బరువు దాని కాళ్ళ మీద పడాలి. అప్పుడు బిగించాలి. లేకపోతే ఆ రబ్బరు బతికినన్నాళ్ళూ మెలితిరిగే ఉంటుంది. విప్పు అన్నీ."

విప్పాడు. దించారు. బిగించారు. అలా నాలుగు వారాలు గడిచాయి. కొత్త షాకులు, కొత్త స్ప్రింగులు, నాలుగూ ఒక్క జాతి టైర్లు. వెనక చక్రాల కాపురం మిల్లీమీటరే చక్కదిద్ది, రెండిటినీ వెంట్రుకవాసి లోపలికి తిప్పి రాజీచేశాడు. ఇక మిగిలింది తూకం.

తూకమంటే ఇదీ. చక్రానికొకటి చొప్పున నాలుగు కాటాలు పరిచి, వాటి మీద కారుని నిలబెడతారు. నాలుగు కాళ్ళ బల్లకి ఒక కాలు పొట్టయితే ఏమవుతుంది, ఎటు మోచెయ్యి ఆనిస్తే అటు ఊగుతుంది. కారూ అంతే. మూలనుంచి మూలకి బరువు సరిపోకపోతే ఒక వంపులో దేవతలా పోతుంది, రెండో వంపులో దయ్యం పడుతుంది. స్ప్రింగుల కింద రింగులుంటాయి, వాటిని చుట్టు, అరచుట్టు తిప్పి సరిచేస్తారు. అయితే ఖాళీ కారుని తూచి లాభం లేదు. రోడ్డు మీద అది ఖాళీగా పోదు కదా. ఎక్కేవాళ్ళ బరువెంతో అంత ఇసుక సంచుల్లో పోసి సీట్లలో కూర్చోబెట్టి మరీ తూచాలి.

"నీ బరువెంత?" అన్నాడు మిల్లీమీటరు, పెన్సిలు నోట్లో తడిచేసుకుంటూ.

ఆ క్షణాన షెడ్డులో డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. బడి వ్యానుకి టైర్లు ఒకపక్కే అరుగుతున్నాయని వచ్చాడు. అతని పొట్ట ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. బిగుతు బనీను వేసుకుని, చేతులు కట్టుకుని, డాక్టరు వైపే చూస్తున్నాడు. డాక్టరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"డెబ్బై రెండు" అన్నాడు.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ అంకె అతనికే తెలీదు. నోరు తెరిచేసరికి సిద్ధంగా ఉంది. మిల్లీమీటరు తలెత్తి అయినా చూడకుండా పుస్తకంలో రాసుకున్నాడు. మిల్లీమీటర్లు కనబడే కళ్ళకి కిలోలు కనబడవనుకోవాలి. అసలు సంగతి అది కూడా కాదు, ఆయనకో నియమం ఉంది. "కారునైతే కొలుస్తాను, మనిషినైతే అడుగుతాను" అంటాడు. తోటి మనిషిని కాటా ఎక్కమనడం ఆయన లెక్కలో చెంపదెబ్బతో సమానం.

"అమ్మాయి బరువు?"

డాక్టరు ఆసుపత్రికి ఫోను చేశాడు. ఆవిడ క్షణం తడుముకోలేదు. "అరవై మూడున్నర. చెప్పులతో. పొద్దున్నే చూసుకున్నా. ఎందుకు?"

"కారుకి."

"కారుకి నా బరువెందుకో!" అని, లోపలనుంచి ఎవరో పిలిస్తే పెట్టేసింది. ఇంకొక్క నిమిషం మాట్లాడి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

డెబ్బై రెండు కేజీల ఇసుక ఈ సీట్లో, అరవై మూడున్నర ఆ సీట్లో కూర్చున్నాయి. మిల్లీమీటరు రోజంతా రింగులు తిప్పాడు. సాయంత్రానికి మూలకీ మూలకీ అరకేజీ తేడా కూడా లేకుండా తెచ్చాడు. డాక్టరు తాలూకు ఇసుక దింపేసి, ఆవిడ ఇసుకని పక్కన కూర్చోబెట్టుకుని, తనే నడిపి చూశాడు. ఆయన బరువు డెబ్బై. ఇంకేం, వెన్నలో కత్తి దిగినట్టు పోయింది. తిరిగొచ్చి ఏమీ అనకుండా టీ తాగాడు. ఆయన ఏమీ అనలేదంటే బ్రహ్మాండంగా ఉందని.

మర్నాడు డాక్టరు నడిపాడు. కుడివంపుల్లో ప్రాణం లేచొచ్చింది. ఎడమవంపులో తోక జాడించింది.

"బాబాయ్, ఎడమ పక్క తేడాగా ఉంది."

మిల్లీమీటరు వెళ్ళి నడిపాడు. ఏ తేడా లేదు. డాక్టరు వెళ్ళాడు. ఉంది. ఆయన దారాలు మళ్ళీ కట్టాడు, మళ్ళీ కొలిచాడు, మళ్ళీ తూచాడు. అంతా పుస్తకంలో రాసినట్టే ఉంది. అలా మూడు రోజులు. ఏడొందల కేజీలు కూడా తూగని కారు అది. ఏనుగు మీద ఇరవై కేజీలు వేస్తే దానికి తెలియను కూడా తెలియదు, అదే మేక మీద వేస్తే ఒక పక్కకి ఒరిగిపోతుంది.

ఇక్కడ డాక్టరుని వెనకేసుకురావడానికి నాకు నోరు రావడంలేదు. ఎందుకంటే అతనికి తెలుసు. మొదటిరోజు సాయంత్రమే ఇంట్లో మంచం కింద ఉన్న బరువు చూసే మిషను లాగి ఎక్కాడు. తొంభై రెండు చూపించింది. దిగి, జేబులో తాళాలూ పర్సూ తీసేసి, మళ్ళీ ఎక్కాడు. తొంభై ఒకటీ ముప్పావు. దాన్ని కాలితో మంచం కిందకి తోసేశాడు. పొద్దున లేచి చెప్పేస్తే పోయేది. చెబితే డ్రిల్లు మాస్టారు వింటాడు. ఆ వ్యాను పని ఇంకా అవలేదు, రోజూ అక్కడే అఘోరిస్తున్నాడు. తేలు కుట్టిన దొంగలా డాక్టరు నోరు మూసుకున్నాడు.

నోరు మూసుకున్నా బావుండేది. శనివారం మిల్లీమీటరు నాలుగోసారి, "నాకేం తగలట్లేదయ్యా, అసలు ఎలా ఉంటోంది నీకు?" అని అడిగేసరికి చిరాకొచ్చింది. అందరూ వింటుండగా, "ఏమో బాబాయ్, వయసు మీద పడింది కదా, చెయ్యి తప్పుతోందేమో" అనేశాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మిల్లీమీటరు ఏమీ అనలేదు. ఈసారి ఏమీ అనకపోవడం వేరే రకంగా ఉంది.

ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ షెడ్డుకి వచ్చారు. గేటు తీసే ఉంది. కారు కాటాల మీద ఉంది. మిల్లీమీటరు నేలమీద కూర్చుని దారాలు విప్పి ఉండకి చుడుతున్నాడు. మూల డ్రిల్లు మాస్టారు వ్యాను చక్రాలు తుడుచుకుంటున్నాడు.

"రండి" అన్నాడు మిల్లీమీటరు. "మీ కారులో తప్పేం దొరకలేదు డాక్టరుగారూ. తెల్లారుజామునుంచీ ఇంకోసారి చూశాను. కారులో లేదంటే నాలో ఉన్నట్టే. మీరన్నది నిజమే, చెయ్యి పోయింది. ఇంకెవరికైనా చూపించుకోండి. నేను ఇవాళ్టితో మూసేస్తాను."

నాలుగు వారాలుగా "ఏరా, ఏమయ్యా" అన్న మనిషి. ఆ "గారూ", ఆ "మీరూ" డాక్టరుకి చెంప మీద తగిలాయి.

ఆయన తూకాల పుస్తకం ముందుకి తోశాడు. "ఇది వాళ్ళకివ్వండి, పనికొస్తుంది." డాక్టరు చెయ్యి చాపలేదు. ఆవిడ అందుకుంది. అంకెలంటే ఆవిడకి ఆసక్తి. పేజీ తిప్పి, వేలితో వరస వెంట దిగుతూ ఒకచోట ఆగింది.

"బాబాయ్, ఈ డెబ్బై రెండెవరు?"

"మీ ఆయనేనమ్మా."

ఆవిడ మొగుడి వైపు చూడలేదు. "తూచారా, అడిగారా?"

"అడిగాను. కారునైతే కొలుస్తాను గానీ, మనిషినైతే..."

"మేమైతే అడగం బాబాయ్. అడిగి, వాళ్ళు చెప్పిన బరువుకి మందిస్తే, నా పేషెంట్లలో సగంమంది కడుపు కోస్తుండగా లేచి కూర్చుంటారు."

 డ్రిల్లు మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. మిల్లీమీటరుకి ఇంకా అర్థం కాలేదు. మనుషులు బరువు విషయంలో అబద్ధమాడతారన్న ఊహే ఆయనకి లేదు. డాక్టరు నాలుక మీదకి "ఈ మధ్యే కొంచెం ఒళ్ళు చేశాను" అన్న మాట వచ్చి కూర్చుంది. తప్పించుకోవడానికి బంగారం లాంటి దారి. అనబోతూ ముసలాయన చేతుల వైపు చూశాడు. వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్ళు అవి, సగం చుట్టిన ఉండ మీద దారాన్ని ఎటుపడితే అటు చుడుతున్నాయి. డాక్టరుకి తనమీద తనకే అసహ్యమేసింది.

"అబద్ధం చెప్పాను బాబాయ్. నా బరువు తొంభై రెండు. మూడు రోజులనుంచీ నాకు తెలుసు. నీ చెయ్యి చక్కగా ఉంది."

"తొంభై రెండా!" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"తొంభై రెండే. కావాలంటే రాసుకో."

మిల్లీమీటరు దారం ఉండ కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపానివో ఆనందానివో ఆయనకే తేలినట్టు లేదు. రెండు అరచేతులూ మొహం ముందు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇరవై కేజీలు" అన్నాడు. "ఇరవై కేజీలు మింగేసి కూర్చున్నావు. మూడు రాత్రులు కన్ను మూయలేదయ్యా నేను. నా ముసలిదాన్ని కూర్చోబెట్టుకుని, ఇక నేను పనికిరానే అని ఏడ్చాను. సిగ్గుందా నీకు?"

"లేదు బాబాయ్."

"అడిగి నమ్మడం నా బుద్ధితక్కువ. ఇవాళ్టి నుంచి మనుషుల్నీ తూస్తా. ముందు నువ్వే. ఎక్కు కారు! నీకు ఇసుక కూడా దండగ."

ఎక్కమన్నందుకు కాదు, "నువ్వు" అన్నందుకు డాక్టరుకి ప్రాణం కుదుటపడింది. డెబ్బై రెండు కేజీల ఇసుకని బయటికి లాగి, ఆ గుంటలో తను పడ్డాడు. కాటాల మీద అంకెలు గెంతాయి. మిల్లీమీటరు వాటిని చూసి, తిట్లన్నీ వరసగా తిట్టి, స్పానరు తీసుకున్నాడు.

పక్క సీట్లో ఇంకా ఆవిడ తాలూకు సంచులు కూర్చుని ఉన్నాయి. ఆవిడ వంగి వాటిని ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టింది.

"అరవై మూడున్నర కేజీల ఇసుకెందుకు, నేనే ఉన్నానుగా" అని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, లోపలికి పడింది.

ఆరు వారాల తర్వాత. 

"ఇద్దరూ కదలొద్దు" అని మిల్లీమీటరు కింద నుంచి అరిచాడు. "చేతులు ఊపొద్దు. గట్టిగా ఊపిరి కూడా పీల్చొద్దు."

ఇంజను కట్టేసి ఉంది. ఆ కారులో అరవకుండా మాట్లాడుకోవడం వాళ్ళిద్దరికీ అదే మొదలు. ఎదర ఐస్ ఫ్యాక్టరీ గోడ తప్ప చూడ్డానికేమీ లేదు. 

"డెబ్బై రెండు నీకెప్పుడుంది?" అని అడిగింది ఆవిడ మెల్లగా.

"పెళ్ళి ఫోటోలో."

"ఫోటోలో కూడా లేదు."

కింద స్పానరు కిర్రుమంది. కారు ఒక మూల చీమంత పైకి లేచింది.

"ఆ రోజు" అన్నాడు డాక్టరు, గోడతో చెబుతున్నట్టు, "ఆ వంపులో నాకు భయమేసింది. చచ్చేంత భయం. అందుకే కాలెత్తేశాను. కారు తప్పు సగమే."

ఆవిడ తల తిప్పబోయి, కదలొద్దన్నారని గుర్తొచ్చి, కళ్ళు మాత్రం తిప్పింది. "మరి నవ్వావేం?"

"భయమేసి."

"ఆ ముక్క ఆ రోజే చెబితే నేను బస్సెక్కేదాన్ని కాదు. పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని గిర్రున తిరిగి, ఎంత చక్కగా తిరిగిందో అంటాడా మనిషి! నీకు చీమ కుట్టినట్టయినా లేదనుకున్నాను. కారుకి కాదు, భయం తెలియనివాడి పక్కన కూర్చోవడానికి భయపడ్డాను. ఆరు వారాలుగా నాకు నిద్ర లేదు. ఒక్కడివే తీసుకెళ్ళిన ఆదివారం నువ్వు తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను, తెలుసా?"

తెలీదు. డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా కదిలింది? వెనకచక్రం మీద రెండొందల గ్రాములు మారింది!" అని కింద నుంచి కేక.

వదల్లేదు. రెండొందల గ్రాములు అటూ ఇటూగానే ముసలాయన ఇంకో రెండు గంటలు రింగులు తిప్పాడు. నడుములు పట్టేశాయి. డ్రిల్లు మాస్టారు వ్యాను తీసుకుని వెళ్తూ వెళ్తూ కిటికీలోకి వంగి, "సార్, పొద్దున్నే గ్రౌండుకి రండి, ఒక నెలలో దించేద్దాం" అన్నాడు. డాక్టరు ఆయనకి "ముందు మీ వెనకపళ్ళు చూపించుకోండి" అని చెప్పాడు.

చివరికి మిల్లీమీటరు మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. కాటాలు లాగేశాడు. "ఇక కారు నీది, కాలు నీది. వెళ్ళిరండి" అని, టీ పెట్టుకోవడానికి లోపలికి పోయాడు. దారం ఉండ తీసుకెళ్ళి మళ్ళీ దాని మేకుకే తగిలించాడు.

ఊరు దాటారు. ఇంజను వీపుల వెనక మోగుతోంది. రైలు వంతెన కనబడింది.

"భయమేస్తే చెప్పు!" అని అరిచాడు డాక్టరు.

"నీకేస్తే నువ్వు చెప్పు!" అని అరిచింది ఆవిడ.

ఎడమవంపు వచ్చింది. ఆ రోజు ఎంత వేగమో ఇవాళా అంతే, అది ఆవిడ షరతు. స్టీరింగు తిప్పాడు. కారు వంగింది. సగం వంపులో కాలు అదంతటదే లేవబోయింది.

"భయమేస్తోంది!" అని డాక్టరు గొంతు చించుకుని అరిచాడు.

"నాకూ!" అని అంతకంటే గట్టిగా అరిచింది ఆవిడ.

కాలు లేవలేదు. తోక వెనకాల ఎక్కడుండాలో అక్కడే ఉంది. కారు ఆ వంపు మొత్తం ఒకే గీతలో గీసి, అవతలి తిన్నని రోడ్డు మీదకి వాళ్ళని దింపింది.

 డాక్టరు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రోడ్డు పక్కకి తీసి ఆపుదామని వేగం తగ్గించాడు. ఆవిడ బెల్టు మీద చెయ్యి వేసింది. తీస్తుందేమోనని అతని గుండె ఆగింది. ఆవిడ దాన్ని ఇంకాస్త బిగించుకుంది.

"ఎందుకు ఆపుతున్నావు? ముందు ఇంకో వంపుందిగా, పోనివ్వు" అంది.